డొంకకు ఏ బండి? ఆల్ వీల్ డ్రైవా, ఫోర్ బై ఫోరా?

ప్రశ్న: అయ్యా, నేను గుంటూరులో డిగ్రీ కళాశాల అధ్యాపకుణ్ణి. ఇంట్లో మా అమ్మ, నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. పల్నాడు జిల్లాలో మాకు తొమ్మిది ఎకరాల పొలం ఉంది, మిరప, పత్తి వేస్తాం. తారు రోడ్డు దిగాక రెండు కిలోమీటర్లు కంకర బాట, ఆ తర్వాత 700 మీటర్లు నల్లరేగడి డొంక. డొంక మధ్యలో ఒక చిన్న వాగు, దాని మీద చప్టా ఉన్నాయి. ఏడాదికి అరవై సార్లయినా పొలానికి వెళ్తాను. కిందటి అక్టోబరులో నా కారు ఆ చప్టా దగ్గర దిగబడింది. ట్రాక్టరుకు తాడు కట్టి లాగితే కారు రాలేదు, ముందు బంపరు వచ్చింది. ఊరంతా నవ్వింది. ఇప్పుడు బండి మార్చాలనుకుంటున్నాను. 22 లక్షల దాకా పెట్టగలను. అమెరికాలో డెన్వర్‌లో ఉన్న మా తమ్ముడు ఆల్ వీల్ డ్రైవ్ చాలంటాడు. ఎనిమిదేళ్లుగా మంచులో అదే నడుపుతున్నాడు. మా బావమరిది ఫోర్ బై ఫోర్ కానిది అసలు బండే కాదంటాడు. అతనికి మహీంద్రా థార్ ఉంది. ఏడాదికి ఒకసారి లంబసింగి వైపు కూడా వెళ్తుంటాం. ఈ రెండింటికీ తేడా ఏమిటి? మాకు ఏది సరిపోతుంది?
ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం:

మాస్టారు గారూ,

మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన మాట ‘700 మీటర్లు’. నాకు రాసేవాళ్లలో చాలామంది కొనదలచిన బండి పేరు రాస్తారు, రంగు రాస్తారు, బావమరిది ఏమన్నాడో రాస్తారు. ఏ దారిలో ఎంత దూరం పోవాలో మాత్రం రాయరు. మీరు మట్టి రకం కూడా రాశారు. సగం జవాబు అందులోనే ఉంది.

ముందు తేడా సంగతి. ప్రతి కారుకూ నాలుగు చక్రాలు తిరుగుతాయి. వాటిలో ఎన్ని బండిని లాగుతున్నాయన్నదే ప్రశ్న. మీ పాత కారులో ముందు రెండే లాగుతాయి, వెనక రెండూ ఊరికే దొర్లుతూ వస్తాయి. నాలుగింటి చేతా లాగించడానికి రెండు పద్ధతులున్నాయి. ఆ రెండూ పుట్టిన చోట్లు వేరు. ఒకటి రెండో ప్రపంచ యుద్ధంలో అడుసులో తిరగడానికి 1941 నుంచి తయారైన విల్లీస్ జీపు వంశం. రెండోది 1980లో ఆడి క్వాట్రోతో పేరు తెచ్చుకున్న రోడ్డు కార్ల వంశం. మొదటిదాన్ని ఇప్పుడు ఫోర్ బై ఫోర్ అంటున్నాం, రెండోదాన్ని ఆల్ వీల్ డ్రైవ్ అంటున్నాం. మధ్యలో సంకర జాతులూ ఉన్నాయి. టొయోటా ల్యాండ్ క్రూజర్ లాంటివి ఎప్పుడూ నాలుగు చక్రాలతోనే నడుస్తూ, అడుసు గేర్లు కూడా పెట్టుకుంటాయి. మీ బడ్జెట్‌కు అవి అందవు కనుక వదిలేద్దాం.

మీరు వ్యవసాయ కుటుంబం వారు కాబట్టి ఎడ్ల మాటలోనే చెప్తాను. ఫోర్ బై ఫోర్ బండిలో లివరు వేస్తే ముందు ఇరుసునూ వెనక ఇరుసునూ ఒకే కాడికి కట్టినట్టు. ఇక ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు అనే మాట లేదు. రెండూ ఒకే వేగంతో తిరగాల్సిందే. లివరు తీసేస్తే మామూలుగా వెనక చక్రాలే లాగుతాయి. వేయాలో తీయాలో నిర్ణయించుకోవలసింది మీరు. ఆల్ వీల్ డ్రైవ్‌లో, అంటే మన బజారులో ఈ ధరకు దొరికే రకంలో, ముందు చక్రాలు ఎప్పుడూ లాగుతుంటాయి. అవి జారుతున్నట్టు కంప్యూటర్ పసిగడితే మధ్యలో ఉన్న ఒక క్లచ్చు బిగుసుకుని వెనక చక్రాలకూ పని అప్పగిస్తుంది. ఒక ఎద్దు తూలినప్పుడు రెండో ఎద్దును తెచ్చి కట్టడం లాంటిది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది, మీరు ఏ మీటా నొక్కనక్కరలేదు.

ఒకే కాడి అన్నాను కదా, దానిలో ఒక చిక్కుంది. బండి మలుపు తిరిగినప్పుడు ముందు చక్రాలు పెద్ద చుట్టు తిరుగుతాయి, వెనక చక్రాలు చిన్న చుట్టు తిరుగుతాయి. లారీ సందు మలుపులో తిరుగుతుంటే వెనక చక్రాలు లోపలికి కోసుకుపోవడం చూసే ఉంటారు. అడుసులో, ఇసుకలో అయితే ఆ తేడాను చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. పొడి తారు మీద జారదు. అప్పుడా బిగింపు అంతా షాఫ్టుల మీద, పళ్ల చక్రాల మీద పడుతుంది. నేను డ్రైవింగు కొత్తగా నేర్చుకుంటున్న రోజుల్లో ఒక మిత్రుడి పాత జీపును తోటలో నుంచి తెచ్చి, లివరు తీయడం మరచిపోయి, పెట్రోలు బంకులో మలుపు తిప్పాను. స్టీరింగు బరువెక్కింది, టైర్లు కీచుమన్నాయి, లివరు లాగితే రాదు. బంకు పక్కనున్న ముసలి మెకానిక్ వచ్చి ‘బండికి ఒళ్లు పట్టేసింది’ అన్నాడు. జీపును నాలుగు బారలు తిన్నగా వెనక్కు నడిపించి లివరు లాగితే టక్కుమని ఊడింది. ఆ మాటకన్నా మంచి వివరణ నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఈ చిక్కులో నుంచి చాలామందికి తట్టని ఒక సంగతి బయటపడుతుంది. వాన పడుతున్న ఘాట్ రోడ్డు మీద మీ బావమరిది గారి థార్ రెండు చక్రాలే లాగే బండి. తారు మీద మలుపులు ఉన్నంతసేపూ ఆయన ఫోర్ బై ఫోర్ లివరు వేయకూడదు. వేయకపోతే వెనక చక్రాలొక్కటే లాగుతాయి. అదే దారిలో ఆల్ వీల్ డ్రైవ్ బండి మలుపు మలుపుకూ తన పని తాను చూసుకుంటుంది. నర్సీపట్నం నుంచి లంబసింగి ఎక్కే దారి తారు రోడ్డే. అక్కడ డిసెంబరు తెల్లవారుజామున మీ శత్రువు మట్టి కాదు, పొగమంచు. దానికి కావలసినవి పనిచేసే ఫాగ్ లైట్లు, నెమ్మదిగా నడిపే కాలు. లంబసింగి కోసమైతే మీరు బండే మార్చనక్కరలేదు. ఇంకో మాట. నాలుగు చక్రాలు లాగినంత మాత్రాన బ్రేకు బాగా పడదు. బ్రేకులు అన్ని కార్లకూ నాలుగు చక్రాలకూ ఉంటాయి. నున్నగా అరిగిన టైర్లతో తడి రోడ్డు మీద ఏ డ్రైవ్ అయినా జారేది ఒకే దూరం.

ఇక అడుసు సంగతికి వద్దాం. ‘నాలుగు చక్రాలూ లాగుతాయి’ అనే మాటను నమ్మి డొంకలోకి దిగేవాళ్లు తెలుసుకోవలసింది ఒకటి ఉంది. ఒక ఇరుసు మీది రెండు చక్రాల మధ్య డిఫరెన్షియల్ అనే పళ్ల చక్రాల పెట్టె ఉంటుంది. దాని స్వభావం కావడి లాంటిది. భుజం మీద కావడి నిలబడాలంటే రెండు పక్కలా సమానమైన బరువుండాలి. ఒక పక్క కుండ ఖాళీ అయితే రెండో పక్క నిండుకుండ ఉన్నా లాభం లేదు, కావడే నిలవదు. డిఫరెన్షియల్ కూడా రెండు చక్రాలకూ సమానంగానే బలం పంచుతుంది. ఒక చక్రం జారుడులో పడి పట్టు కోల్పోతే, అది ఎంత తక్కువ బలం తీసుకుంటే గట్టి నేల మీదున్న రెండో చక్రానికీ అంతే అందుతుంది. అందుకే గాడిలో ముందు కుడి చక్రం, వెనక ఎడమ చక్రం రెండూ పట్టు తప్పితే ఫోర్ బై ఫోర్ బండి కూడా రెండు చక్రాలు గిరగిరా తిప్పుకుంటూ ఉన్నచోటే నిలబడిపోతుంది.

దీనికి విరుగుడు మీ ట్రాక్టరు డ్రైవరుకు తెలుసు. మడమ దగ్గర ఒక చిన్న పెడల్ ఉంటుంది. ట్రాక్టరు ఒక చక్రం ఉత్తినే తిరుగుతుంటే దాన్ని తొక్కుతాడు. రెండు వెనక చక్రాలూ ఒకటైపోతాయి. అదే డిఫరెన్షియల్ లాక్. కార్లలో ఫోర్స్ గూర్ఖాకు ముందూ వెనకా కూడా ఉంది, థార్‌లో కొన్ని వేరియంట్లకు వెనక ఉంటుంది. మిగతా చాలా బండ్లు ఉత్తినే తిరిగే చక్రానికి కంప్యూటర్ చేత బ్రేకు వేయించి, బలాన్ని అవతలి చక్రానికి మళ్లిస్తాయి. ఇది కూడా బాగానే పనిచేస్తుంది కానీ, భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే పనిచేయదు. కాలు నిలకడగా పెట్టి దానికి ఒకటి రెండు క్షణాలు గడువివ్వాలి.

అదే ట్రాక్టరులో లో, హై అని ఇంకో లివరు ఉంటుంది కదా. ఫోర్ బై ఫోర్ బండిలో ‘ఫోర్ లో’ అచ్చంగా అదే. చక్రాల దగ్గర లాగే బలం రెండు, రెండున్నర రెట్లవుతుంది. వేగం అంతే తగ్గుతుంది. నా లెక్కలో ఫోర్ బై ఫోర్‌కూ ఆల్ వీల్ డ్రైవ్‌కూ ఉన్న అసలు తేడా ఇదే. నిటారుగా ఉన్న రాళ్ల దారిని మనిషి నడిచే వేగంతో ఎక్కాలన్నా, బ్రేకు తొక్కకుండా ఇంజను బిగింపు మీదే దిగాలన్నా, బరువైన ట్రెయిలర్ లాగాలన్నా ఇది కావాలి. ఆల్ వీల్ డ్రైవ్‌కు ఇది ఉండదు. దాని మధ్య క్లచ్చు కూడా కొద్దిసేపటి పనికే పుట్టింది. పది నిమిషాలు అడుసులో చక్రాలు తిప్పితే వేడెక్కి, మీటర్ల మధ్య ఒక దీపం వెలిగించి, చల్లారేదాకా సెలవు తీసుకుంటుంది. ‘లాక్’ అని మీట ఉంది కదా అంటారేమో. అది కాడి కాదు, క్లచ్చును ముందుగానే బిగించి ఉంచడం మాత్రమే.

ఇప్పుడు మీ 700 మీటర్లు. నల్లరేగడిని గురించి పల్నాటి మనిషికి నేను చెప్పేదేముంది? ఎండాకాలం నెర్రెలు విచ్చి కాలు పట్టేంత సందులిస్తుంది, వానకు నీరు తాగి ఉబ్బుతుంది, చెప్పులకు అంటుకుంటే ఒక్కొక్కటి కిలో బరువు తూగుతుంది. టైరుకూ అదే చేస్తుంది. ఒకటి రెండు చుట్లు తిరిగేసరికి టైరు మీది గాడులన్నీ మట్టితో నిండి, చక్రం పూత పూసిన గుండులా నున్నగా అవుతుంది. రెండు నున్నటి చక్రాలు లాగలేని చోట నాలుగు నున్నటి చక్రాలు ఎంతవరకు లాగుతాయి? మీ ఊళ్లో మాగాణి ఉంటే దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు ఇనప దమ్ము చక్రాలు ఎందుకు తగిలిస్తారో ఆలోచించండి. అంత బలమున్న ఇంజను కూడా అక్కడ రబ్బరును నమ్ముకోదు. జోరు వాన పడిన మర్నాడు మీ డొంకలో థార్ అయినా, గూర్ఖా అయినా మీ పాత కారు కన్నా కాస్త లోపలికి పోయి దిగబడుతుంది. తేడా ఏమిటంటే ట్రాక్టరు ఇంకొంచెం ఎక్కువ దూరం రావాలి, తాడు ఇంకొంచెం లావుది తేవాలి.

టైర్ల మాట ఎలాగూ వచ్చింది. షోరూము నుంచి వచ్చే బండ్లలో ఎక్కువ వాటికి తారు రోడ్డు టైర్లే ఉంటాయి. కాస్త వెడల్పు గాడులున్న ఆల్ టెరెయిన్ టైర్లు తడి కంకర మీద, పదునుగా, అంటే కాస్త తేమతో ఉన్న రేగడి మీద బాగా తేడా చూపిస్తాయి. తారు మీద కొంచెం రొద చేస్తాయి, పెట్రోలు కొంచెం ఎక్కువ తాగుతాయి. రెండు చక్రాలే లాగే బండికి మంచి టైర్లు వేస్తే, అరిగిన టైర్ల ఫోర్ బై ఫోర్ కన్నా ముందే ఇల్లు చేరుతుంది. మీ తమ్ముడు ఉన్న కొలరాడో రాష్ట్రంలో కొండల మీదుగా పోయే ఐ-70 రహదారి మీద సెప్టెంబరు నుంచి మే దాకా ఒక నియమం ఉంది. అది ఆల్ వీల్ డ్రైవ్‌నూ ఫోర్ బై ఫోర్‌నూ ఒకే గాటన కడుతుంది, టైరు గాడి లోతు మాత్రం దాదాపు 5 మిల్లీమీటర్లు ఉండి తీరాలంటుంది. మన టైర్ల మీద అరుగుదల గుర్తు ఉండేది 1.6 మిల్లీమీటర్ల దగ్గర. తమ్ముడు చెప్పింది ఆయన ఊరికి నూటికి నూరుపాళ్లు సరే. అక్కడ మంచు కింద ఉన్నది గట్టి రోడ్డు. మీ డొంకలో అడుసు కింద ఉన్నది ఇంకా అడుసు.

వాగు గురించి ఒక్క మాట, ఇందులో నేను ఎవరి సలహా వినను. కంపెనీలు తమ బండ్లు ఎంత నీళ్లలో పోగలవో చెప్తుంటాయి. థార్‌కు 650 మిల్లీమీటర్లు, గూర్ఖాకు 700. అది నిలిచిన నీటి లెక్క. పారే నీరు అడుగు లోతుంటే చిన్న కారును కదిలించగలదు, రెండడుగులుంటే పెద్ద బండ్లను కూడా కొట్టుకుపోగలదు. నాలుగు చక్రాలకు శక్తి అందడం అన్నది చక్రాలు నేలకు ఆనినప్పటి మాట. చప్టా మీద నీళ్లు పారుతుంటే ఇవతలి ఒడ్డున బండి ఆపి, కౌలు రైతుకో పాలేరుకో ఫోను చేసి ఇంటికి వెళ్లిపోండి. మిరప మొక్క రెండు రోజులు మీరు లేకుండా బతుకుతుంది.

ఇక మీ అరవై సార్లను లెక్కపెడదాం. డిసెంబరు నుంచి మే దాకా డొంక ఎండి ఉంటుంది. మిరప కోతల కాలం చాలావరకు అందులోనే వస్తుంది. అంటే నలభై ప్రయాణాలకు మీకు ఏ డ్రైవూ అక్కరలేదు, బండి కడుపు ఎత్తుగా ఉంటే చాలు. ఎందుకంటే అప్పుడు అక్కడి సమస్య జారుడు కాదు. టిక్కీలు, అంటే మిరప బస్తాలు, మోసే ట్రాక్టర్లు తడిలో చేసిన గాడులు ఎండి రాయిలా గట్టిపడతాయి, మధ్యలో గట్టు మిగులుతుంది, అది బండి అడుగును గీకుతుంది. వచ్చే ఆదివారం ఒక టేపు తీసుకెళ్లి ఆ గట్టు ఎత్తు కొలవండి. 210 మిల్లీమీటర్ల ఎత్తున్న బండి అయిదుగురు ఎక్కాక కొంత కిందికి కూర్చుంటుంది కనుక, గట్టు ఆరున్నర అంగుళాలు దాటితే ఒక చక్రం గట్టు మీద, ఒక చక్రం గాడి పక్కన వేసి నడపడం అలవాటు చేసుకోవాలి. ఇది ఏ డ్రైవ్‌కైనా తప్పదు.

మిగిలిన ఇరవైలో సగం రోజులైనా వానలు తెరపి ఇచ్చి నేల ఆరి ఉంటుంది. మూడు నాలుగు రోజులు వాగు పారుతుంటుందనో, డొంక చిత్తడి అనో ఎవరూ పోలేరు. ఇక మిగిలేవి ఆరేడు రోజులు. పైన పదును, కింద గట్టి, చప్టా దగ్గర పల్లంలో మాత్రం జారుడు. ఆల్ వీల్ డ్రైవా, ఫోర్ బై ఫోరా అన్న ప్రశ్న మీ జీవితంలో ఏడాదికి ఈ ఆరేడు రోజులదే. అందులోనూ మంచి టైర్లతో, ముందే లాక్ వేసుకుని, ఆగకుండా నిలకడగా పోతే ఆల్ వీల్ డ్రైవ్ ఎక్కువ రోజులు దాటేస్తుంది. మీ దారిలో నిటారు ఎక్కుడు లేదు, రాళ్లు లేవు, లాగవలసిన ట్రెయిలర్ లేదు. ఫోర్ లో లివరును మీరు ఏడాదికి రెండు మూడు సార్లు కూడా ముట్టుకోరు.

దానికోసం మిగతా రోజులు మీరు ఏం భరించాలి? అయిదుగురు మనుషులు కనుక నాలుగు సీట్ల మామూలు థార్, జిమ్నీ రెండూ ముందే పోయాయి. థార్ రాక్స్, స్కార్పియో ఎన్ లాంటి ఫోర్ బై ఫోర్‌లు మిగులుతాయి. రెండూ గట్టి బండ్లే, నాకు ఇష్టమైనవే. కానీ లారీలాగా కింద చట్రం వేసి దాని మీద శరీరం కూర్చోబెట్టిన బండ్లు కనుక నేల చాలా పైన ఉంటుంది, మీ అమ్మగారు ప్రతిసారీ మెట్టు పట్టుకుని ఎక్కాలి. ఈ రెండింటిలో ఫోర్ బై ఫోర్ డీజిల్‌లోనే వస్తుంది, ఆన్‌రోడ్ ధర మీ 22 లక్షలను ఒరుసుకుంటుంది లేదా దాటుతుంది. ఏ షోరూముకు వెళ్లినా అమ్మగారిని వెంట తీసుకెళ్లి మూడుసార్లు ఎక్కించి దించండి. మూడోసారి ఆమె ముఖం చూస్తే మీకు జవాబు దొరుకుతుంది.

నా మాట అడిగితే ఆల్ వీల్ డ్రైవ్ కొనండి. మీ బడ్జెట్‌లో మారుతి గ్రాండ్ విటారా, దాని తోబుట్టువు టొయోటా హైరైడర్ లాంటివి ఉన్నాయి. ఒక హెచ్చరిక. పేరు చూసి కొనకండి. మారుతి వారు జిమ్నీకి ‘ఆల్‌గ్రిప్ ప్రో’ అని, గ్రాండ్ విటారాకు ‘ఆల్‌గ్రిప్ సెలెక్ట్’ అని పెట్టారు. మొదటిది లో గేరున్న అచ్చమైన ఫోర్ బై ఫోర్, రెండోది ఆల్ వీల్ డ్రైవ్. పైగా గ్రాండ్ విటారాలో అన్ని వేరియంట్లకూ ఇది ఉండదు, బయటి నుంచి చూస్తే తేడా తెలియదు. అమ్మే కుర్రవాడు ‘అన్నీ ఒకటే సార్’ అంటే, బండి కిందికి వంగి వెనక ఇరుసుకు పోయే షాఫ్టు చూపించమనండి. పెట్రోలు ఖర్చు కొంచెం పెరుగుతుంది. మొదట వచ్చిన మాన్యువల్ గేర్ల గ్రాండ్ విటారాకు కంపెనీ చెప్పిన లెక్క, ముందు చక్రాల బండికి లీటరుకు 21.11 కిలోమీటర్లు, ఆల్ వీల్ డ్రైవ్‌కు 19.38. ఏడాదికి 15 వేల కిలోమీటర్లు తిరిగితే తేడా సుమారు అరవై మూడు లీటర్లు. భరించలేనిది కాదు.

మీ బావమరిది గారు నొచ్చుకోకుండా ఇది కూడా చెప్పండి. మీ పొలం పాడేరు పక్క కొండవాలు మీద ఉండి, వర్షాకాలమంతా ఎర్రమట్టి ఎక్కుడు దారిలో రోజూ పోవలసి వస్తే, నేను ఆయన పక్షానే ఉండేవాణ్ణి. అక్కడ లో గేరు అలంకారం కాదు.

మిగిలిన డబ్బు గురించి నాకు ఒక ఆలోచన ఉంది, మోటారు బండ్ల గురించి రాసే వాడు చెప్పకూడనిది. దాన్ని డొంకలో పోయండి. 700 మీటర్లూ అక్కరలేదు. చప్టాకు ఇటూ అటూ ఉన్న పల్లం 150 మీటర్లు అనుకుందాం. మూడు మీటర్ల వెడల్పు, పదిహేను సెంటీమీటర్ల మందం గ్రావెల్ అంటే 67.5 ఘనపు మీటర్లు, మన లెక్కలో (యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు) రమారమి 24 యూనిట్లు. వేసవిలో తోలించండి. పక్కన నీళ్లు పోయే కాలువ తీయకుండా పోస్తే మొదటి వానకే రేగడి మింగేస్తుంది, తీసినా రెండో ఏడు కొంత మళ్లీ పోయాలి. డొంక పంచాయతీది కనుక ముందు సర్పంచి గారితో మాట్లాడండి. ఉపాధి హామీ పనుల్లో పెట్టించగలిగితే ఇంకా మంచిది. పక్క పొలాల వాళ్లు కూడా తలా కొంత వేస్తారు, వాళ్ల ట్రాక్టర్లూ అదే దారిన పోవాలి కదా. ఆ పని జరిగితే మీ ఆరేడు రోజులు రెండు మూడుకు దిగుతాయి. దాన్ని మించిన ఫోర్ బై ఫోర్ ఏ కంపెనీ తయారుచేయలేదు.

కొన్నాక చూసుకోవలసినవి కొన్ని. ఆల్ వీల్ డ్రైవ్‌కు నాలుగు టైర్లూ దాదాపు ఒకే అరుగుదలలో ఉండాలి. ఒకటి కొత్తది, మూడు పాతవి అయితే చుట్టుకొలతలు మారి మధ్య క్లచ్చు ఎప్పుడూ జారుడే అనుకుని పనిచేస్తుంటుంది, త్వరగా చెడుతుంది. పదివేల కిలోమీటర్లకు ఒకసారి టైర్లు ముందువి వెనక్కు మార్పించండి. వెనక డిఫరెన్షియల్ ఆయిలు సంగతి సర్వీసులో మీరే గుర్తుచేయండి, కొన్నిచోట్ల అదొకటి ఉందనే మరచిపోతారు. బండి ఎప్పుడైనా ఆగిపోతే ముందు చక్రాలు ఎత్తి లాక్కుపోయే క్రేనును ఒప్పుకోకండి, మొత్తం బండిని ఎక్కించుకునే వాహనమే పిలవండి. మీరు నా మాట కాదని ఫోర్ బై ఫోర్ కొంటే మాత్రం నెలకు ఒకసారి మట్టి దారిలో లివరు వేసి రెండు మూడు కిలోమీటర్లు నడపండి. వాడని లివరు అవసరమైన రోజున బిగుసుకుపోతుంది.

దిగబడినప్పుడు ఏం చేయాలో కూడా చెప్పాలి, ఎందుకంటే ఏది కొన్నా ఎప్పుడో ఒకప్పుడు దిగబడతారు. చక్రం ఉత్తినే తిరగడం మొదలుపెట్టగానే ఆపేయండి. ప్రతి చుట్టుకూ అది తన గొయ్యి తానే తవ్వుకుంటుంది. టైర్లలో గాలి మూడో వంతు తగ్గిస్తే నేల మీద ఆనే మేర పెరుగుతుంది. డొంకలో పత్తి కట్టెకు కరువు లేదు, చక్రాల ముందు అడ్డంగా పరిచి, పైన గోనె సంచులు వేసి, రెండో గేరులో నెమ్మదిగా కదపండి. తారు రోడ్డు ఎక్కగానే గాలి మళ్లీ పట్టించండి, తక్కువ గాలితో వేగంగా పోవడం ప్రమాదం.

అయినా ట్రాక్టరు రావలసి వస్తే, తాడు కట్టే చోటు బంపరు కాదు మాస్టారూ. మీ పాత కారులో స్టెప్నీ పక్కన పనిముట్ల సంచి ఒకటి ఉంటుంది. అందులో జాకీ, స్పానరుతో పాటు వేలంత లావున, ఒక చివర మరలు, ఒక చివర ఉంగరం ఉన్న ఇనప కొక్కెం కనిపిస్తుంది. బంపరు మీద చిన్న చదరపు మూత తీస్తే లోపల దానికి మర ఉంటుంది, అందులో బిగించి ఆ ఉంగరానికి తాడు కట్టాలి. కొత్త బండి ఇంటికి తెచ్చిన రోజునే ఆ కొక్కెం ఎక్కడుందో చూసుకోండి, మీ ట్రాక్టరు డ్రైవరుకు కూడా చూపించండి.